నడుం వెనక చెయ్యి

బ్రాంటన్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడి వెళ్ళిన ప్రతివాడికీ ఒక జోకు తెలుసు. పదకొండు మందికి చోటు కదలకుండా నిలబడటం నేర్పే కోచ్‌ని తన చోట నిలబెట్టడానికి పన్నెండో మనిషి కావాలట. ఆ కోచ్ లాడీ వొండ్రాచెక్. ఆ పన్నెండో మనిషి ఓరెన్ టీగ్. ఈ జోకు విన్నప్పుడల్లా అందరికంటే గట్టిగా నవ్వేది లాడీయే. నవ్వాక, "అందులో అబద్ధం ఏముంది? ఆ మనిషి లేకపోతే నేనెక్కడ ఉండేవాణ్ణి?" అని ఒక మాట కలిపేవాడు. ఆ మాట మాత్రం జోకుగా అనేవాడు కాదు.

లాడీ పుట్టింది అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒక పల్లెలో, పశువుల మధ్య. తండ్రి ఎమిల్‌కి పని ఎక్కువ, మాటలు తక్కువ. మందను ఒక దొడ్లోంచి ఇంకో దొడ్లోకి తోలేటప్పుడు కంచె తెగిన చోట కొడుకుని నిలబెట్టేవాడు. చేతులు బార్లా చాపి నిలబడితే చాలు, పశువు దానంతటదే పక్కకి తిరిగిపోతుంది. లాడీకి ఆ మాత్రం పని కూడా చేతనయ్యేది కాదు. దూడ ఒకటి తన వైపు చూసిందంటే దానికి ఎదురు పరిగెత్తేవాడు. వెనక సందు ఖాళీ అయ్యేది. మిగతా మంద మొత్తం ఆ సందులోంచి పక్కవాళ్ళ మొక్కజొన్న చేలో పడేది.

"నిన్ను పశువుల్ని పట్టుకోమన్నానా, అడ్డం నిలబడమన్నానా?" అనేవాడు ఎమిల్.

"అది నన్ను చూసి ఎగిరింది నాన్నా."

"అది ఎగిరితే ఎగిరింది. నీ కాళ్ళెందుకు ఎగిరాయి?"

ఆ ప్రశ్నకి లాడీ దగ్గర అప్పుడు జవాబు లేదు. ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు లేదు.

అయితే ఆ దొడ్లో నేర్చుకున్నదే అతనికి అన్నం పెట్టింది. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు; వాళ్ళని ఆపే డిఫెన్స్ అంటే అతనికి కంచె కాయడమే. బంతి పట్టుకున్నవాడు ఎటు దూకుతాడో తెలీదు. వాడి మీదకి అందరూ ఎగబడితే ఏదో ఒక సందు తెరుచుకుంటుంది, వాడు అందులోంచి జారిపోతాడు. అందుకని లాడీ తన కుర్రాళ్ళకి నేర్పింది ఒకటే: "నీ ముందున్న సందు నీది. పక్కవాడి సందులో బంగారం రాలుతున్నా అటు చూడొద్దు. నువ్వు నీ చోట ఉంటే వాడే నీ దగ్గరికి వస్తాడు." ఇంత చిన్న సంగతిని ఇంత ఓపిగ్గా, ఇన్ని విధాలుగా చెప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో మరొకడు లేడు. తను ఆడటం మానేసి ఒక హైస్కూల్లో కోచ్‌గా చేరాడు, అక్కణ్ణుంచి చిన్న కాలేజీకి, అక్కణ్ణుంచి కొంచెం పెద్ద కాలేజీకి వెళ్ళాడు. ప్రతిచోటా అతని డిఫెన్స్ గోడలా నిలబడింది. అతనొక్కడే నిలబడలేకపోయాడు.

ఆట జరిగేటప్పుడు కోచ్‌లు మైదానం పక్కనున్న తెల్ల గీతకి ఇవతలే ఉండాలి. గీత దాటి లోపలికి వెళ్ళి రిఫరీతో తగువేసుకుంటే, రిఫరీ జేబులోంచి పసుపు గుడ్డ తీసి నేల మీద పారేస్తాడు. ఆ గుడ్డ పడితే శిక్ష, అవతలి జట్టుకి ఊరికే పదిహేను గజాలు. లాడీకి ఈ నియమం తెలియక కాదు. ముక్కు మీద కోపం ఉన్న మనిషి కూడా కాదు. ఇంట్లో, వీధిలో, చర్చిలో అతను గొంతెత్తగా విన్నవాళ్ళు లేరు. కానీ తన కుర్రాడికి అన్యాయం జరిగిందని తోస్తే కాళ్ళు వాటంతటవే బయల్దేరేవి. సగం దూరం పోయాక గానీ ఒంటికి తెలిసేది కాదు.

భార్య మార్డెల్ ఆ కాళ్ళతో పాటు ఊళ్ళు తిరిగింది. ఆమెది ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే పని. "తలలు లేని ఊరుండదు కదా, నాకేం బెంగ?" అనేది. కానీ ఏ ఇంట్లోనూ గోడకి మేకు కొట్టనిచ్చేది కాదు. సామాను తెచ్చిన అట్టపెట్టెల్ని పారెయ్యకుండా మడతపెట్టి మంచం కింద దాచేది. ఫుట్‌బాల్ కోచ్‌ల భార్యలందరి మంచాల కిందా అవే ఉంటాయి. ఆ వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రధాన కోచ్‌ని తీసేస్తే అతని కింద పనిచేసే వాళ్ళంతా పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. తప్పెవరిదని ఎవరూ అడగరు.

కాన్సస్‌లో ఒక పెద్ద యూనివర్సిటీకి వెళ్ళాక లాడీ దశ తిరిగిందనుకున్నారు. రెండు సీజన్లు బాగానే గడిచాయి. మూడో సీజన్ ఆఖరి ఆట వానలో జరిగింది. గెలిస్తే ప్రధాన కోచ్ ఉద్యోగం నిలుస్తుంది, ఓడితే ఊడుతుంది. అది ఊరందరికీ తెలుసు. చివరి నిమిషంలో లాడీ కుర్రాళ్ళు అవతలివాణ్ణి ఆపారు. ఆపలేదన్నాడు రిఫరీ. లాడీ కాళ్ళు బయల్దేరాయి. బురదలో జారుతూ, చేతులు ఊపుకుంటూ అతను మైదానం మధ్యకి వెళ్ళేసరికి పసుపు గుడ్డ నేల మీద ఉంది. ఆ పదిహేను గజాలు కలిసొచ్చి, అవతలివాళ్ళు తేలిగ్గా గోల్ కొట్టి గెలిచారు.

మర్నాడు ప్రధాన కోచ్‌ని తీసేశారు. అతనితో పాటు తొమ్మిది కుటుంబాలు అట్టపెట్టెలు బయటికి తీశాయి. వాళ్ళలో ఒక కోచ్ భార్యకి నెలలు నిండుతున్నాయి. లాడీని ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా వీడ్కోలు చెప్పేటప్పుడు అందరూ భుజం తట్టి వెళ్ళారు. అదే అతనికి భరించరానిదైంది. తిట్టినా బాగుండేదని మార్డెల్‌తో అన్నాడు.

"వాళ్ళు తిట్టకపోతే నేను తిడతాలే, కూచో," అంది మార్డెల్. నిజంగానే కాసేపు తిట్టింది. ఆ తరవాత ఇద్దరూ కలిసి గిన్నెలు కాగితాల్లో చుట్టారు.

ఆ ఏడాది ఏ కాలేజీ నుంచీ ఫోన్ రాలేదు. డిఫెన్స్ బ్రహ్మాండంగా నేర్పుతాడు కానీ మనిషి గీత దగ్గర ఆగడని పేరు పడిపోయింది. లాడీ సొంత ఊరికి తిరిగొచ్చి ధాన్యం గిడ్డంగిలో పనికి కుదిరాడు. లారీలు తూకానికి వస్తుంటే గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కటీ లోపలికి పంపేవాడు. "చివరికి మా నాన్న కోరిక తీరింది. గేటు దగ్గరే ఉన్నా," అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక మార్డెల్ లోపలికి వెళ్ళిపోయేది.

ఒకరోజు గిడ్డంగి ముందు ఒక పాత పికప్ ట్రక్కు ఆగింది. అందులోంచి పొడుగ్గా, ఎండుకట్టెలా ఉన్న పెద్దాయన దిగాడు. బ్రాంటన్ కాలేజీ ప్రధాన కోచ్ ఆర్లో అమండ్‌సన్. కాలేజీ చిన్నది, జీతం అంతకంటే చిన్నది. స్టేడియంలో ఒక పక్క చెక్క మెట్లు, మూడు పక్కలా మొక్కజొన్న.

"నాకు నీ డిఫెన్స్ కావాలయ్యా. నీ కాళ్ళు మాత్రం వద్దు," అన్నాడాయన.

"కాళ్ళు ఇంట్లో పెట్టి రమ్మంటారా అండీ?"

"వాటి సంగతి చూసే మనిషి నా దగ్గర ఉన్నాడులే."

ఆ మనిషే ఓరెన్ టీగ్. కాలేజీలో కుస్తీ నేర్పే కోచ్. లాడీ భుజం దాకా వస్తాడు. నిలువు ఎంతో అడ్డం అంత. చెవులు రెండూ కుస్తీల్లో నలిగి ముద్దలైపోయి ఉంటాయి. కుస్తీ పోటీలు చలికాలంలో గనక, ఆకురాలే కాలంలో ఫుట్‌బాల్‌కి సాయం చేసేవాడు. అమండ్‌సన్ అతనికి అప్పజెప్పిన పని ఒక్కటే: ఆట నడుస్తున్నంత సేపూ లాడీ వెనక నిలబడి అతని బెల్టు పట్టుకోవాలి.

ఇందులో వింతేమీ లేదు. ఆ దేశంలో చాలా కాలేజీల్లో ఇలా కోచ్‌ల నడుం పట్టుకునే మనుషులుంటారు. కానీ లాడీకి తల కొట్టేసినట్టయింది. మొదటి ఆటకి పెళ్ళాం చూస్తోంది, ఊరు చూస్తోంది. తన వెనక ఒక మనిషి, కుక్క గొలుసు పట్టుకున్నట్టు, బెల్టు పట్టుకుని నిలబడ్డాడు. ఆట మొదలైన కాసేపటికే అవతలివాడు ఒకడు లాడీ కుర్రాడి చొక్కా పట్టి లాగాడు. రిఫరీ చూడలేదు. లాడీ కదిలాడు. కాళ్ళు కదిలాయి కానీ మనిషి కదల్లేదు. గడ్డి మీద బూట్లు జారుతున్నాయి తప్ప ఒక్క అంగుళం ముందుకి పోలేదు. చెక్క మెట్ల మీద జనం పడీ పడీ నవ్వారు.

"వదలవయ్యా బాబూ," అన్నాడు లాడీ పళ్ళు బిగబట్టి.

"గీత," అన్నాడు ఓరెన్.

"వాడు మావాడి చొక్కా పట్టి లాగాడు. కనపళ్ళేదా నీకు?"

"కనపడింది. నేను నీ బెల్టు పట్టి లాగుతున్నా. అది రిఫరీకి కనపడితే చాలు."

ఆ సీజన్ అంతా అంతే. లాడీ లాగడం, ఓరెన్ ఆపడం. ఒక ఆటలో బెల్టు పుటుక్కున తెగింది. ఓరెన్ క్షణం ఆలస్యం చెయ్యకుండా రెండు చేతులతో నడుం వాటేసుకుని ఎత్తి, వెనక్కి తెచ్చి దించాడు. కుస్తీవాడికి అదొక లెక్క కాదు. ఆ మర్నాడు లాడీ సిగ్గు చంపుకుని ఊళ్ళో గుర్రాల జీన్లు కుట్టే హబ్ డీర్క్స్ దగ్గరికి వెళ్ళి, మందపాటి తోలుతో బెల్టు కుట్టించుకున్నాడు. దాని వెనక భాగాన, చేతికి పట్టు దొరికేలా ఒక తోలు పిడి. అది చూసి ఓరెన్ మొదటిసారి నవ్వాడు.

"పర్లేదురా. తెలివి తెచ్చుకుంటున్నావు," అన్నాడు. అప్పట్నించీ ఇద్దరి మధ్యా "రా" తప్ప మరో పిలుపు లేదు.

ఆ సీజన్ ముగిసేసరికి బ్రాంటన్ మీద ఒక్కసారి కూడా లాడీ మూలంగా పసుపు గుడ్డ పడలేదు. మరుసటి వేసవిలో మార్డెల్ ఒకరోజు సుత్తి తీసుకుని హాల్లో గోడకి మేకు కొట్టింది. పెళ్ళినాటి ఫొటో తగిలించింది. మంచం కింది అట్టపెట్టెల్ని పెరట్లో చెత్త తగలేసే మంటలో వేసింది. ఆ సాయంత్రమే లాడీ ఓరెన్ ఇంటికి నడిచి వెళ్ళి, తలుపు తీసిన మనిషితో ఏం చెప్పాలో తెలీక, "మా ఆవిడ పళ్ళగుజ్జు పెట్టి కొలాచీ రొట్టెలు చేసింది, తింటానికి రా," అన్నాడు.

ఇక ప్రతి శనివారం ఆట అయ్యాక ఓరెన్ భోజనం వాళ్ళింట్లోనే. బీన్సూ మాంసమూ ఉడికించిన చిల్లీ, పక్కన దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె. ఆ రెండూ కలిపి ఎలా తింటారని పై ఊళ్ళవాళ్ళు అడిగితే, తినకుండా ఎలా ఉంటారని నెబ్రాస్కావాళ్ళు అడుగుతారు. దాంతో పాటు మార్డెల్ పెట్టిన బీట్‌రూట్ ఊరగాయ. ఆ సీసా మూత అంత బిగుతుగా ఎందుకు బిగిస్తుందో ఆమెకే తెలియాలి. దాన్ని తియ్యడం ఓరెన్ వంతు. బొటనవేలూ రెండు వేళ్ళూ వేసి ఇట్టే తిప్పేవాడు. "చూశావా లాడీ, నీ నడుం కంటే ఇది గట్టిగా లాగుతుంది," అనేవాడు ప్రతిసారీ. ప్రతిసారీ ముగ్గురూ నవ్వేవాళ్ళు.

అలా ఏళ్ళు గడిచాయి. లాడీ జుట్టు నెరిసింది. అతని దగ్గర ఆడినవాళ్ళు వైద్యులయ్యారు, రైతులయ్యారు, కోచ్‌లయ్యారు. కాలేజీ ఏటేటా పెట్టే విందుకి వచ్చి, "మీరు నేర్పిన నిలకడే మమ్మల్ని నిలబెట్టింది కోచ్," అనేవాళ్ళు. లాడీ వాళ్ళ మాట మధ్యలోనే తుంచేసి ఓరెన్‌ని ముందుకి నెట్టేవాడు.

"ఇదిగో, ఈ చెవులు లేనోడికి చెప్పుకోండి. నాకు నిలకడ నేర్పింది వీడు."

"నేర్పలేదు, పట్టుకున్నా. నేర్చుకోడం వీడికి చేతకాదు," అనేవాడు ఓరెన్.

లాడీకి తన బతుకు మీద ఫిర్యాదు లేదు. పెద్ద స్టేడియాలు పోయాయని ఒక్కరోజు కూడా అనుకోలేదు. పొద్దున్నే లేచి మార్డెల్ కొట్టిన ఆ మేకు వైపు చూసేవాడు. ఇది నాకు దక్కాల్సింది కాదు, దక్కింది, చాలు అనుకునేవాడు.

తరవాత రెండు మార్పులు వచ్చాయి. కుస్తీకి చేరేవాళ్ళు తగ్గిపోయారని కాలేజీ కుస్తీ జట్టుని మూసేసింది. ఓరెన్‌కి మిగిలింది శనివారాలు లాడీ వెనక నిలబడే పని ఒక్కటే. దానికోసం వారమంతా ఎదురుచూసేవాడు. శుక్రవారం నాడే బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టుకునేవాడు. అమండ్‌సన్ రిటైరయ్యాడు. ఆయన స్థానంలో కర్టిస్ లోకెన్ అనే నలభై ఏళ్ళ మనిషి వచ్చాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే ప్రతి పనికీ సరైన మనిషి ఉన్నాడా లేడా అని చూసే రకం.

ఆ వేసవిలో ఒకరోజు భోజనాల దగ్గర మార్డెల్ బీట్‌రూట్ సీసా ఓరెన్ ముందు పెట్టింది. ఓరెన్ మూత మీద చెయ్యి వేశాడు. తిప్పాడు. మూత కదల్లేదు. చెయ్యి మార్చి చూశాడు. తరవాత సీసాని మెల్లగా లాడీ వైపు జరిపి, "ఎప్పుడూ నేనేనా? నీ వంతు ఇవాళ," అన్నాడు. ఎప్పుడూ చేసే జోకు చెయ్యలేదు. లాడీ మూత తీశాడు. ఆ తరవాత గమనిస్తూ వచ్చాడు. ఓరెన్ కాఫీ కప్పుని రెండు అరచేతుల మధ్య పెట్టి ఎత్తుతున్నాడు. చొక్కా పైగుండీ పెట్టుకోవడం మానేశాడు. కుస్తీల్లో అరిగిన మెడ ఎముకలు నరాల్ని నొక్కేస్తున్నాయని, రెండు చేతుల వేళ్ళలోనూ బలం పోతోందని, ఓరెన్ అక్క ద్వారా మార్డెల్‌కి తెలిసింది. ఓరెన్ మాత్రం నోరు విప్పలేదు.

సీజన్ మొదలయ్యే ముందు లాడీ మళ్ళీ హబ్ డీర్క్స్ దగ్గరికి వెళ్ళాడు.

"కొత్త బెల్టు కావాలి. వెనక పిడి కొంచెం పెద్దది పెట్టు. చెయ్యి మొత్తం దూరేంత."

"ఎందుకట?"

"పొట్ట పెరిగింది."

"పొట్ట పెరిగితే బెల్టు పొడుగు పెంచుకుంటారు గానీ, వెనక పిడి పెంచుకుంటారా ఎవరైనా?"

"కుట్టవయ్యా హబ్," అన్నాడు లాడీ. హబ్ అతని మొహంలోకి ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా తోలు తీశాడు.

ఆ పెద్ద పిడిలో ఓరెన్ చెయ్యి మణికట్టు దాకా దూర్చేవాడు. చూసేవాళ్ళకి గట్టిగా పట్టుకున్నట్టే ఉండేది. కానీ ఆ చేతిలో లాగే బలం లేదని మొదటి ఆటలోనే లాడీకి తెలిసిపోయింది. నడుం మీద ఒత్తిడి లేదు. పిడికిలి గుండ్రంగా వీపుకి ఆనుకుని ఉండటం మాత్రం తెలుస్తోంది, అంతే. ఆ రోజు లాడీ కాళ్ళు బయల్దేరబోయిన ప్రతిసారీ అతను వాటిని తనే బలవంతాన ఆపుకున్నాడు. ఆపుకుని, ఓరెన్ లాగినట్టు ఒక అడుగు వెనక్కి తూలేవాడు. "వదలరా ముసలోడా," అని అరిచేవాడు కూడా. వెనక నుంచి "గీత" అన్న మాట వినపడితే అతని ప్రాణం కుదుటపడేది.

ఇదంతా లోకెన్ కంట పడకుండా పోలేదు. అక్టోబరులో ఒకరోజు లాడీని గదికి పిలిచాడు.

"లాడీ గారూ, ఓరెన్ గారంటే నాకు గౌరవం ఉంది. కానీ ఆయన చేతులు చూశారా మీరు? బరువులెత్తించే కుర్రాడున్నాడు, ఎద్దులా ఉంటాడు. వాణ్ణి మీ వెనక పెడదాం. ఓరెన్ గారికి పైన మెట్ల మీద మంచి కుర్చీ వేయిద్దాం."

"ఓరెన్‌ని మెట్లెక్కిస్తే నేనూ వెళ్ళి ఆ పక్క కుర్చీలో కూచుంటా."

"మీరలా అంటే నేనేం చెయ్యను చెప్పండి? మీ గురించి కాన్సస్‌లో ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు."

"ఆ కథల తరవాత నా మీద ఒక్క గుడ్డ పడలేదు. అది వాడి పుణ్యమే."

లోకెన్ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టాడు. "సరే. ఒక్క మాట మాత్రం. మీరు గీత దాటి ఒక్క గుడ్డ పడిందంటే, ఆ రోజుతో ఓరెన్ గారు పైకి. ఆ రోజు మీరు కాదనకూడదు."

లాడీ సరేనన్నాడు. ఓరెన్‌కి చెప్పలేదు. ఇంటికి వచ్చి మార్డెల్‌కి చెబితే, ఆమె గరిటె పక్కన పెట్టింది. "అంటే ఇప్పుడు వాడి నడుం నువ్వు పట్టుకోవాలన్నమాట," అంది.

సీజన్ ఆఖరి ఆట సెయింట్ ఆల్డన్ కాలేజీతో, బ్రాంటన్‌లోనే. మధ్యాహ్నం నుంచి ఉత్తరపు గాలి కోత కోస్తోంది. చెక్క మెట్ల మీద జనం దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. మార్డెల్ ముందు వరసలో ఉంది. చివరి నిమిషాలకి బ్రాంటన్ రెండే పాయింట్ల ఆధిక్యంలో ఉంది. బంతి సెయింట్ ఆల్డన్ చేతిలో, మైదానం మధ్యలో. వాళ్ళు బంతిని కాలితో తన్ని ఒక్క గోల్ కొడితే మూడు పాయింట్లు, ఆట వాళ్ళది. ఎదురుగాలికి అంత దూరం నుంచి కొట్టడం అసాధ్యం. ఇంకో పదిహేను గజాలు ముందుకి వస్తే తేలిక.

నాలుగు ప్రయత్నాల్లో పది గజాల అవతలి గుర్తు చేరకపోతే బంతి ఎదుటివాళ్ళకి పోతుంది, చేరితే మళ్ళీ నాలుగు దొరుకుతాయి; వాళ్ళకి అది ఆఖరి ప్రయత్నం. బంతి పట్టుకున్నవాడు కుడికి దూకాడు. లాడీ కుర్రాడు మైకా తన సందులోనే ఉన్నాడు. పక్కన ఎంత గందరగోళం జరుగుతున్నా కదల్లేదు. వాడే తన దగ్గరికి వచ్చేదాకా ఆగి, నడుం దగ్గర ఒడిసి పట్టి, చేరాల్సిన గుర్తుకి అడుగు ఇవతలే పడేశాడు. అంత చక్కగా ఆపడం లాడీ తన జీవితంలో చూడలేదు. జనం లేచి నిలబడ్డారు. రిఫరీ పరిగెత్తుకొచ్చి బంతిని గుర్తుకి అడుగు అవతల పెట్టాడు. సెయింట్ ఆల్డన్‌కి మళ్ళీ నాలుగు ప్రయత్నాలు.

మైకా నేల మీంచి లేచి, చేతులు చాపి, లాడీ వైపు చూశాడు.

లాడీ కాళ్ళు బయల్దేరాయి. ఆలోచన లేదు, ఓరెన్ లేడు, లోకెన్ లేడు. కళ్ళ ముందు కాన్సస్ నాటి అదే వాన, అదే బురద, అదే రిఫరీ. నడుం వెనక పిడిలోంచి చెయ్యి జారిపోవడం స్పష్టంగా తెలిసింది. వీపు మీద చల్లగాలి తగిలింది. ఇన్నేళ్ళలో ఆ చోట గాలి తగలడం అదే మొదటిసారి. అతన్ని పట్టుకున్నవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఎదురుగా రిఫరీ చెయ్యి జేబు మీద ఉంది. జేబు అంచున పసుపు కనిపిస్తోంది. లాడీ బూటు ముందు తెల్ల గీత ఉంది.

"నీ కాళ్ళెందుకు ఎగిరాయి?" అని ఎమిల్ అడిగినట్టయింది. ఎందుకో లాడీకి అప్పుడు తెలిసింది. తన వాళ్ళ కోసం పరిగెత్తుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తన వాడు వెనక ఉన్నాడు, ఖాళీ చేత్తో. తను కాయాల్సిన సందు అదే, పరిగెత్తితే అది పోతుంది.

అతను ఆగాడు. చేతులు బార్లా చాపాడు, చిన్నప్పుడు కంచె దగ్గర నిలబడాల్సినట్టు. మైకా వంక చూసి, "నీ సందు చూసుకో నాన్నా, బాగా ఆపావు," అని అరిచాడు. తరవాత వెనక్కి తిరక్కుండా, కాడి కిందికి వచ్చే ఎద్దులా, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోయాడు. వీపుకి పిడికిలి తగిలేదాకా పోయాడు. అక్కడ ఆగి, ఓరెన్ చెయ్యి పిడి వెతుక్కుని లోపలికి దూరేదాకా కదలకుండా నిలబడ్డాడు.

"గీత," అన్నాడు ఓరెన్.

"ఆ, గీత," అన్నాడు లాడీ.

రిఫరీ జేబు మీంచి చెయ్యి తీసేశాడు.

మిగిలిన నాలుగు ప్రయత్నాల్లో మూడింటికి సెయింట్ ఆల్డన్ ఒక గజం కూడా ముందుకి పోలేదు. పదకొండు మంది కుర్రాళ్ళూ పదకొండు సందుల్లో పాతుకుపోయినట్టు నిలబడ్డారు. ఇక చేసేది లేక వాళ్ళు నాలుగోసారి అంత దూరం నుంచే గోల్‌కి కొట్టారు. బంతి గాలికి ఎదురెళ్ళి, పైన కాసేపు ఆగినట్టు ఆగి, గోల్ కర్రలకి చాలా ఇవతల గడ్డి మీద పడింది. కుర్రాళ్ళు మైదానంలోకి పరిగెత్తారు. ఇప్పుడు గీత దాటినా ఎవరూ ఏమీ అనరు. అయినా లాడీ దాటలేదు.

జనం పల్చబడ్డాక ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. లోకెన్ వచ్చి ఇద్దరికీ చేతులు కలిపాడు. ఓరెన్ చేతిని రెండు చేతులతో పట్టుకుని, "వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉండండి," అని చెప్పి వెళ్ళాడు. మార్డెల్ మెట్లు దిగి, చేతిలో బుట్టతో నడిచి వస్తోంది. ఓరెన్ తన వేళ్ళ వంక చూసుకుంటున్నాడు.

"జారిపోయిందిరా," అన్నాడు.

"తెలుసు."

"ఇవాళ కాదు. ఈ ఏడంతా పట్టే లేదు. నువ్వే ఆగుతున్నావు. నేను ఊరికే చెయ్యి పెట్టి నిలబడుతున్నా."

"తెలుసురా."

"ఎప్పట్నించి?"

"బీట్‌రూట్ సీసా నాటినుంచి."

ఓరెన్ తల తిప్పి లాడీ వంక చూశాడు. నలిగిన చెవులు చలికి ఎర్రబడి ఉన్నాయి. "మరి ఒక్క మాట చెప్పొచ్చుగా నాతో," అన్నాడు.

"చెబితే వదిలేసేవాడివి," అన్నాడు లాడీ. అప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "నువ్వు వదిలేస్తే నేను ఆగనురా. నాకు తెలుసు. ఇన్నేళ్ళు నాకు ఉద్యోగం నిలిచిందన్నా, ఇల్లు నిలిచిందన్నా, మార్డెల్ గోడకి ఒక మేకు కొట్టుకుందన్నా నీ చెయ్యేరా. బలం ఉందో లేదో నాకనవసరం. అది అక్కడుంటే చాలు."

మార్డెల్ వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది. బుట్టలోంచి పళ్ళేలూ రొట్టెలూ తీసింది, ఊరగాయ సీసా తీసి అలవాటుగా ఓరెన్ ముందు పెట్టింది. ఓరెన్ ఈసారి దాని మీద చెయ్యి వెయ్యలేదు. తప్పించుకోడానికి జోకూ చెయ్యలేదు.

"నా వల్ల కాదు మార్డెల్. వాడికివ్వు," అన్నాడు.

ఆమె సీసాని లాడీకి అందించింది. లాడీ మూత తీసి, మొదటి ముక్క ఓరెన్ పళ్ళెంలో వేశాడు.